బాల్డర్స్ గేట్ 3: ఇందులో ప్రేమ సంగతి ఒక్కటే రాస్తున్నా

ఈ గేమ్ మా లాప్‌టాప్‌లోకి ఎక్కడానికే మూడు రాత్రులు పట్టింది. 150 జీబీ ఖాళీ కావాలంటుంది, అదీ ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డిస్కులో, అందుకని తమ్ముడు వాడి కాలేజీ ఫోల్డర్లు, నేను మా చిత్తూరు ఇంట్లో జరిగిన పెళ్లిళ్ల ఫొటోలు అన్నీ ఒక పాత హార్డ్ డిస్కులోకి మార్చి, తిరుపతి ఎం.ఆర్.పల్లిలో మా అద్దె ఇంట్లో కరెంటు పోకూడదని దండం పెట్టుకుని డౌన్‌లోడ్ పెట్టాం. లాప్‌టాప్ ఒకటే, సేవ్‌లు, అంటే ఎవరి ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకునేవి, వేరు. వాడు కాలేజీ నుంచి వచ్చాక ఆడతాడు. నేను బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో అకౌంట్స్ చూస్తాను కాబట్టి రాత్రి తొమ్మిదిన్నర తర్వాత గానీ నా వంతు రాదు. ఇప్పటికి 140 గంటలు దాటాను. ఫైట్లు, గ్రాఫిక్స్ గురించి ఇప్పటికే చాలామంది రాశారు, బాగున్నాయి, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నేను రాయాలనుకున్నది ఇందులో ప్రేమ గురించి, సెక్స్ గురించి. మనవాళ్లు గేముల గురించి ఎంత వివరంగా మాట్లాడినా ఆ చోటికి రాగానే ఒక నవ్వు నవ్వి, ఆ సీన్లు కూడా ఉన్నాయి మామా అని దాటేస్తారు. నేను దాటేయదల్చుకోలేదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. బెల్జియంలోని లారియన్ స్టూడియోస్ దీన్ని 2023 ఆగస్టు 3న పీసీలో విడుదల చేసింది, సెప్టెంబరులో ప్లేస్టేషన్ 5 (పీఎస్5) కన్సోల్‌కి వచ్చింది, ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ది ఇయర్ దీనికే ఇచ్చారు. కథేమిటంటే మీ తలలోకి ఒక పురుగును ఎక్కిస్తారు, దాన్ని తీయించుకోకపోతే కొన్నాళ్లకు మీరే ఒక వికృత జీవిగా మారిపోతారు. మీలాగే పురుగు ఎక్కినవాళ్లు కొందరు దారిలో కలుస్తారు. పగలంతా నడక, పోరాటం, రాత్రికి డేరాలు వేసుకుని మంట చుట్టూ చేరడం. ఆ మంట దగ్గరే మనసు విప్పుకోవడాలు, అలకలు, దగ్గరవ్వడాలు అన్నీ. మీ పాత్ర ఆడైనా మగైనా వీళ్లలో ఎవరితోనైనా ప్రేమలో పడొచ్చు.

దీనికి ముందు మేం ఆడినవాటి సంగతి చెప్పకపోతే నేనెందుకు ఇంత పట్టుగా రాస్తున్నానో అర్థం కాదు. తమ్ముడు ఇంటర్‌లో ఉన్నప్పుడు బాలాజీ కాలనీ వైపు ఒక పీఎస్ సెంటర్‌కి పోయేవాడు, గంటకింత అని కట్టి నలుగురు ఒకే సోఫాలో ఇరుక్కుని కూర్చుని ఆడటం. అక్కడ వాడికి అలవాటైంది జీటీఏ 5. ఆ గేమ్‌లో రోడ్డు పక్కన నిలబడిన అమ్మాయిని కారెక్కించుకుని డబ్బిస్తే హీరో హెల్త్ మీటరు నిండుతుంది, ఆ తర్వాత ఆమెను చంపేస్తే ఇచ్చిన డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. ఈ ఉపాయాన్ని పదహారేళ్ల పిల్లలు పరీక్షకు షార్ట్‌కట్ చెప్పుకున్నట్టు ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు, వాడే ఒకరోజు అన్నం తింటూ నాకు చెప్పాడు, అందులో తప్పేమైనా ఉందన్న ఆలోచన కూడా లేకుండా. వాణ్ణి అని ఏం లాభం? గేమ్‌లో ఏది చేస్తే లాభమో ఆడేవాళ్లు అదే చేస్తారు. ఆ లాభాన్ని అక్కడ పెట్టింది తయారు చేసినవాళ్లు.

2007లో వచ్చిన మొదటి విచర్ గేమ్ ఇంకో రకం. హీరో గెరాల్ట్ ఎవరైనా స్త్రీతో పడుకుంటే ఆమె బొమ్మ ఉన్న కార్డు ఒకటి మీకు వస్తుంది, దాచుకోవడానికి. చిన్నప్పుడు బబుల్‌గమ్‌తో వచ్చే క్రికెటర్ల కార్డులు కూడబెట్టుకున్నట్టు. దాన్ని తయారు చేసిన పోలాండ్ కంపెనీ 2015లో మూడో భాగం తెచ్చేసరికి చాలా ఎదిగింది, అది ఒప్పుకోవాలి. అందులో యెన్నెఫర్ అనే మంత్రగత్తెకూ గెరాల్ట్‌కూ ఉన్న బంధం ఒక జిన్నును కోరిన కోరికతో ముడిపడి ఉంటుంది, ఆ మాయ తీసేస్తే తమ మధ్య ఏమైనా మిగులుతుందా అని ఆమెకే అనుమానం. తెలుసుకోవాలనే పట్టుదలతో ఇంకో జిన్నును వెతికి పట్టుకుని మాయ తీయించేస్తుంది. కొండ కొమ్మున విరిగిపడి ఉన్న ఓడ మీద ఇద్దరూ కూర్చుంటారు, ఇప్పుడు మీరు జవాబు చెప్పాలి, ఇంకా ప్రేమ ఉందనో లేదనో. లేదని చెప్పినా ఆమె ఆ మాట విని నిలబడుతుంది, కథ ముందుకు పోతుంది. ట్రిస్ అనే ఇంకో మంత్రగత్తెకూ యెన్నెఫర్‌కూ ఇద్దరికీ మాటిచ్చి నడిపిస్తే మాత్రం ఆ ఇద్దరూ మాట్లాడుకుని గెరాల్ట్‌ను మంచానికి కట్టేసి వెళ్లిపోతారు. కార్డుల నుంచి ఇక్కడిదాకా ఎనిమిదేళ్లు.

స్టార్‌డ్యూ వ్యాలీ అనే పొలం పనుల గేమ్ గురించి చెడ్డగా రాయాలంటే నాకు చెయ్యి రాదు. ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి ఏళ్ల తరబడి కూర్చుని చేసిన గేమ్ అది, 2016లో వచ్చింది, నేను ఫోన్‌లో రెండేళ్లు ఆడాను, పొద్దున లేచి ఆ తోటలో నీళ్లు పోస్తే గానీ నాకు రోజు మొదలైనట్టు ఉండేది కాదు. కానీ అందులో ప్రేమ లెక్క చూడండి. రోజూ ఒక పలకరింపు, వారానికి రెండు కానుకలు, దగ్గరితనాన్ని కొలిచే గుండె గుర్తులు ఎనిమిది నిండితే పూలగుత్తి, పది నిండితే వాన కురిసే రోజు సముద్రం ఒడ్డున ముసలాయన దగ్గర గేమ్ డబ్బు 5000 పెట్టి లాకెట్టు, ఆ తర్వాత పెళ్లి. అబిగేల్‌కు అమెథిస్ట్ రాళ్లంటే ఇష్టం, ఇస్తూ పోండి, చాలు. ఇవ్వడం మానకుండా ఉంటే ఎదుటి మనిషి ఎప్పుడో ఒకప్పుడు ఒప్పుకుని తీరుతుందన్నది దాని వెనకున్న లెక్క. ఈ లెక్క నిజంగా నమ్మినవాణ్ణి నేను చూశాను. మా డిగ్రీ రోజుల్లో ఒక అబ్బాయి రెండేళ్లు నేనెక్కే బస్టాపులో నిలబడ్డాడు, మధ్య మధ్యలో చాక్లెట్లు, పుట్టినరోజుకు గ్రీటింగ్ కార్డు. చెడ్డవాడేం కాదు. ఒకరోజు మాత్రం దగ్గరికొచ్చి, ఇన్నాళ్లు నిలబడ్డాను కదా, ఇంకెప్పుడు ఒప్పుకుంటావ్ అని అడిగాడు. తను నిలబడిన రోజులన్నీ నా పేర బాకీ రాసిపెట్టుకున్నట్టు అడిగాడు. నాకు భయం వేసింది, ఆ తర్వాత బస్టాపు మార్చుకున్నాను.

బాల్డర్స్ గేట్ 3లో కూడా ఆ మీటరు ఉంది, దాచను. మీరు ఏ పని చేసినా, తోటివాళ్లలో ఆస్టారియన్ మెచ్చాడు, గేల్‌కు నచ్చలేదు అని తెర మీద పడుతూనే ఉంటుంది, ఎవరి మెప్పు ఎంతుందో గీత కూడా చూసుకోవచ్చు. కథ మొదటి భాగం చివర టీఫ్లింగులు అనే శరణార్థులను కాపాడితే ఆ రాత్రి విందు జరుగుతుంది, ఆ విందులో మీ తోటివాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఈ రాత్రి ఏమిటి నీ ఆలోచన అని మొదలుపెడతారు. నన్ను ముగ్గురు అడిగారు. నిండా పది రోజుల పరిచయం కూడా లేదు. నాకు చిరాకేసింది. గేమ్ కొత్తగా వచ్చినప్పుడు ఇది మరీ ఎక్కువగా ఉండేదట, మెప్పు తొందరగా నిండిపోయే లోపం ఒకటి ఉందని లారియన్ వాళ్లే చెప్పి సరిచేశారు. జంతువుగా మారగల హాల్సిన్ అనే మంత్రగాడు ఎలుగుబంటి రూపంలో ఉండే పడక సీన్ గురించి విడుదలకు ముందే లోకమంతా గోల చేసింది, నాకు అది అవసరం లేని సీన్ అనిపించింది, దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

ఆస్టారియన్ సంగతికి వస్తాను. ఈ రివ్యూ రాయించింది అతనే.

ఆస్టారియన్ రక్తపిశాచి. కజడార్ అనే యజమాని కింద 200 ఏళ్లు బానిసగా బతికాడు. అతనికి అప్పగించిన పని, రాత్రిళ్లు ఊళ్లో సారా కొట్లకు పోయి తన అందాన్ని, ఒంటిని ఎరవేసి మనుషులను యజమాని మేడకు తీసుకురావడం. చేయననే వీలు లేదు, యజమాని ఆజ్ఞ ఇస్తే ఒళ్లు దానంతట అదే కదులుతుంది. కథ మొదట్లో మీకు ఇవేవీ తెలియవు. వగలు పోతూ, కొంటెగా మాట్లాడుతూ, మొదటి రాత్రికే సిద్ధంగా ఉండే మనిషిగా కనిపిస్తాడు. వేరే గేమ్ అయితే ఆ పాత్ర అంతటితో సరి, ఒక సీన్, ఒక నవ్వు. నేనూ మొదట అట్లానే అనుకుని విందు రాత్రి అతనితోనే వెళ్లాను.

రెండో భాగంలో మూన్‌రైజ్ టవర్స్ అనే కోటలో అరాజ్ అనే డ్రౌ జాతి స్త్రీ రక్తం వ్యాపారం చేస్తుంటుంది. రక్తపిశాచి చేత కొరికించుకోవాలని ఆమెకు ఎప్పటినుంచో కోరిక. ఆస్టారియన్ ఎవరో తెలియగానే అడుగుతుంది. అతను వద్దంటాడు. అప్పుడు ఆమె మీ వైపు తిరుగుతుంది, మీరు చెప్తే వింటాడు కదా అన్నట్టు. ఒప్పిస్తే ఒక పోషన్ ఇస్తుంది, తాగినవాళ్లకు బలం శాశ్వతంగా రెండు పాయింట్లు పెరుగుతుంది. ఈ గేమ్ ఆడినవాళ్లకు తెలుసు, రెండు పాయింట్లు అంటే మాటలు కాదు.

తమ్ముడు కథలో నాకంటే ముందున్నాడు. ఆ రోజు ఆదివారం, నేను చట్నీకి చెనక్కాయలు వేయిస్తూ వంటింటి గుమ్మంలోంచి వాడి తెర చూస్తున్నాను. వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, ఒప్పించే జవాబు నొక్కేశాడు.

"ఎందుకురా, వద్దంటా ఉన్నాడు కదా?"

"పోషన్ ఇస్తాదక్కా. బలం రెండు పెరుగుతాది."

తెర మీద ఆస్టారియన్ ఆమె మెడ మీదికి వంగాడు, కొరికాడు, అసహ్యంతో వెనక్కి జరిగాడు. ఆ తర్వాత తమ్ముడి పాత్ర వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంది గానీ దానికంటే ముందు ఇంకోటి ఉంది, ఎప్పుడూ తగిలే దెబ్బే మళ్లీ తగిలింది, కాకపోతే ఈసారి నమ్మిన మనిషి చేతిలో తగిలింది అన్నట్టు. నా చేతిలో గరిటె అట్లానే ఆగిపోయింది, మాడిన వాసన వచ్చాక గానీ నేను పొయ్యి వైపు తిరగలేదు. చెనక్కాయలు సగం నల్లబడ్డాయి. తమ్ముడు పోషన్ ఎవరి చేతా తాగించలేదు, సంచిలో పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాడు.

"మొహం అట్ల పెట్టినాడేందక్కా?"

"నీకు ఇష్టం లేని పని నీ చేత నేను చేయించి, దానికి డబ్బులు నేను తీసుకుంటే నీకెట్లా ఉంటాది?"

వాడేం మాట్లాడలేదు. సౌండు తగ్గించుకుని ఆడుకున్నాడు. రాత్రి పడుకునే ముందు, మంచం మీద అటు తిరిగి, నాకు తెలీదక్కా అన్నాడు, అంతే.

అంతకుముందు నేను వాడికి చెప్పని మాటలు కావివి. అమ్మాయిలతో ఎట్లా ఉండాలి, వద్దంటే వద్దనే అని నాలుగైదుసార్లు చెప్పి ఉంటాను, వాడు తల ఊపి ఫోన్ చూసుకునేవాడు. ఈ గేమ్ వాడికి ఉపన్యాసం ఇవ్వలేదు. జీటీఏలో పెట్టినట్టే ఇక్కడా ఒక లాభం పెట్టారు, తీసుకోనిచ్చారు, తీసుకున్నాక ఎవరి ఒంటి నుంచి తీసుకున్నామో ఆ మనిషి మొహం చూపించారు. పైగా వద్దన్నది మగ పాత్ర, అడిగింది స్త్రీ. ఇరవై ఏళ్ల మగపిల్లాడికి ఆ స్థానంలో తనను తాను ఊహించుకోవడం తేలికైందేమో. ఒక స్త్రీ పాత్రకు ఇదే జరిగి ఉంటే వాడు అంతగా కదిలేవాడా అని నాకు ఇప్పటికీ సందేహమే, ఆ సందేహం బాధగానే ఉంది.

నా సేవ్‌లో ఆ చోటు వచ్చినప్పుడు, అది అతని ఇష్టం అని చెప్పి అరాజ్‌ను పంపించేశాను. తర్వాత ఆస్టారియన్ వచ్చి మాట్లాడతాడు. ముందు కృతజ్ఞత చెప్తాడు, తనకు ఇష్టమా కాదా అని ఎవరూ చూడని 200 ఏళ్లు వెనక ఉన్నాయి కదా. ఆ తర్వాత అసలు మాట బయటపెడతాడు. మొదట్లో నిన్ను వలలో వేసుకున్నది నన్ను కాపాడతావన్న లెక్కతోనే, నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే, ఇప్పుడు నిజంగా మనసు పడింది, కానీ ఎవరితోనైనా ఆ రకంగా దగ్గరవ్వాలంటే పాత రోజుల రోత అంటుకున్నట్టు ఉంటుంది అంటాడు. మీరు అతన్ని దగ్గరికి తీసుకోవచ్చు. ఆ కౌగిలిలో అతని చేతులను గమనించండి. మొదట ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఆగిపోతాయి, భుజాలు బిగుసుకుపోయి ఉంటాయి, నిదానంగా వదులవుతాయి. మనుషులను వలలో వేయడమే వృత్తిగా బతికినవాడికి ఒక మామూలు కౌగిలి ఎట్లా ఉంటుందో తెలియదు. ఆస్టారియన్‌గా నటించి గొంతు ఇచ్చిన నీల్ న్యూబన్‌కు 2023 గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ నటన అవార్డు ఇచ్చారు, ఈ ఒక్క సీన్‌కు ఇచ్చినా న్యాయమే. అక్కడి నుంచి చాలా గంటల ఆట వరకు ఈ ఇద్దరి మధ్య పడక సీన్ లేదు. ప్రేమకథ మాత్రం ఒక్క రోజు కూడా ఆగదు. ఏ గేమ్‌లోనూ నేను ఇది చూడలేదు, మామూలుగా పడక సీనే ఆఖరి బహుమతి, అది అయిపోతే ఆ మనిషికి మాటలు కూడా అయిపోతాయి.

పోయినేడు నాకు వచ్చిన ఒక సంబంధం వద్దన్నాను. అబ్బాయి చదువుకున్నాడు, మర్యాదస్తుడు, కుటుంబం మంచిది. నాకు ఆ మనిషితో బతకాలని అనిపించలేదు, అంతకంటే కారణం లేదు. అమ్మ, పెద్దమ్మ, మా మేనత్త, ఆఖరికి కింది వాటాలో ఉండే ఆంటీ కూడా అడిగారు, కారణం చెప్పు, ఏం లోపముంది, ఒక్క లోపం చెప్పు. వారం రోజులు ఇదే. ఆ గేమ్‌లో ఆస్టారియన్ వద్దన్నప్పుడు నాకిచ్చిన జవాబుల్లో, అతను వద్దన్నాడు, అది చాలు అనే అర్థం వచ్చేది కనపడగానే, రాత్రి పదకొండింటికి, లాప్‌టాప్ ముందు నాకు ఏడుపొచ్చింది. ఎవరైనా మా ఇంట్లో ఆ జవాబు నొక్కి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది.

తోటివాళ్లలో ఇంకొకరైన కార్లాక్ కథ ఇంకో రకంగా పట్టేస్తుంది. ఆమె గుండె తీసేసి అక్కడ నరకంలో చేసిన ఇంజిన్ ఒకటి పెట్టారు, అది మండుతూ ఉంటుంది, ఎవరు ముట్టుకున్నా కాలిపోతారు. పదేళ్లుగా ఆమెను ఎవరూ ముట్టుకోలేదు. అరిచినట్టు మాట్లాడే, పగలబడి నవ్వే, అందరికంటే బలమైన మనిషి, ఆమెకు కావలసింది ఒక కౌగిలి. డామన్ అనే కమ్మరికి ప్రత్యేకమైన ఇనుము తెచ్చిస్తే ఇంజిన్‌ను రెండు విడతలుగా బాగుచేస్తాడు, రెండోసారి అయ్యాక గానీ ఆమెను ముట్టుకునే వీలు రాదు. ఆ ఇనుము కోసం గుహలూ శిథిలాలూ వెతికి, డామన్ మళ్లీ దొరికేదాకా కథలో తిరిగి, ఆఖరికి ఆమె చెయ్యి పట్టుకున్నప్పుడు ముద్దు కంటే ఆ చెయ్యి పట్టుకోవడమే పెద్ద విషయంగా ఉంటుంది. స్పర్శకు ఇంత విలువ ఇచ్చిన గేమ్ నాకు ఇంకోటి గుర్తు రావడం లేదు.

లేజెల్ అనే ఇంకో తోటిమనిషిది పూర్తిగా తిరగేసిన కథ. ఆమె జాతిలో మొహమాటం లేదు, కావాలంటే కావాలని మొహం మీదే చెప్తుంది, మొదట పడక, ప్రేమ తర్వాతెప్పుడో. ఆమెకు చేతకానిది, ఇష్టపడ్డానని ఒప్పుకోవడం. ఒప్పుకోవాల్సి వచ్చినప్పుడు కత్తి దూసి మీతో పోరాడుతుంది. చాలా రోజుల తర్వాత ఒక తెల్లవారుజామున మిమ్మల్ని లేపి సూర్యోదయం చూడటానికి తీసుకుపోతుంది. నేను ఈమెతో ఒక సేవ్ మళ్లీ మొదలుపెట్టాను, అందుకే గంటలు అంతగా పెరిగాయి.

ఇట్లాంటివి మనకెందుకు, ఇది మన సంస్కృతి కాదు అనేవాళ్లు ఉంటారని తెలుసు. 2014లో డ్రాగన్ ఏజ్ ఇంక్విజిషన్ అనే గేమ్ వచ్చినప్పుడు ఈఏ కంపెనీ స్థానిక అశ్లీలత చట్టాలు అడ్డొస్తాయని దాన్ని ఇండియాలో అమ్మకుండా ఆపేసుకుంది. ఆ గేమ్‌లో డోరియన్ అనే పాత్ర మగవాళ్లనే ఇష్టపడతాడు, వాళ్ల నాన్న అతన్ని మంత్రంతో మార్చాలని చూస్తే ఇల్లు వదిలి వచ్చేస్తాడు. అప్పటికి మన దేశంలో 377 సెక్షన్ అమల్లో ఉంది, 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా ఇద్దరు మగవాళ్లు, పెద్దవాళ్లయి ఉండి ఇష్టపడి కలిసినా నేరమే. ఇప్పుడు బాల్డర్స్ గేట్ 3 ఇక్కడే, తిరుపతిలో కూర్చుని, అడ్డు లేకుండా కొనుక్కుని ఆడుతున్నాం. ఇక సంస్కృతి అంటారా, శృంగారం మీద వేల సంకీర్తనలు రాసిన అన్నమయ్య పాడిన ఊరు ఇది. ఆయన రాసి మిగిలినవాటిలో భక్తి, వైరాగ్యం పాటల కంటే శృంగార సంకీర్తనలే చాలా ఎక్కువ, అవన్నీ రాగి రేకుల మీద చెక్కించి సాక్షాత్తూ కొండ మీద గుళ్లో దాచారు. వాటిలో అలమేలుమంగ అలుగుతుంది, నిలదీస్తుంది, ఇప్పుడు కాదు పొమ్మంటుంది. ఆమె అలక తీరేదాకా స్వామి కాచుకుని ఉండాల్సిందే. అయిదొందల ఏళ్ల కిందట ఈ ఊళ్లో పాడుకున్న సంగతిని ఇప్పుడు మనం పిల్లలతో ఒక్క ముక్క కూడా మాట్లాడలేకపోతున్నాం.

మా లాడ్జి కౌంటర్ దగ్గర నేను రోజూ చూస్తాను. కొత్తగా పెళ్లయి దర్శనానికి వచ్చిన జంటలు, అమ్మాయి చేతికి ఇంకా పసుపు కొమ్ము ఉంటుంది, ఆధార్ కార్డులో ఇంకా పుట్టింటి పేరే. ఇద్దరి మధ్య జానెడు దూరం, అబ్బాయి ఫోన్ నంబరు రాస్తుంటే అమ్మాయి గోడ మీద క్యాలెండర్ చూస్తూ నిలబడుతుంది. వీళ్లిద్దరూ ఆ గదిలోకి పోయాక నీకు ఇష్టమేనా అని ఎవరైనా ఎవరినైనా అడుగుతారా అని నాకు చాలాసార్లు అనిపిస్తుంది. అడగాలని వాళ్లకు ఎవరు చెప్పి ఉంటారు?

గేమ్‌లో నాకు నచ్చనివి ఇంకా ఉన్నాయి. అందరూ అందరికీ దొరకడం నాకు పూర్తిగా నచ్చలేదు. సైబర్‌పంక్ 2077 అనే గేమ్‌లో నేను ఆడ పాత్రతో ఆడినప్పుడు పానమ్ అనే అమ్మాయికి దగ్గరవ్వబోతే నాకు ఆడవాళ్ల మీద ఆ రకమైన ఇష్టం లేదన్నట్టు నెమ్మదిగా తప్పుకుంది, ఆ తర్వాత కూడా ప్రాణ స్నేహితురాలిగానే ఉంది. మీరేం చేసినా మారని ఇష్టం అది, ఆ పాత్ర మీద నాకు గౌరవం పెరిగింది. బాల్డర్స్ గేట్ 3లో అట్లాంటి గోడ ఎవరికీ లేదు. విల్ అనే పాత్రకు రాసిన ప్రేమకథ మిగతావాళ్లతో పోలిస్తే మరీ పల్చగా ఉంది, మంచివాడు, నాట్యం నేర్పిస్తాడు, అంతటితో రాసేవాళ్లకు ఓపిక అయిపోయినట్టుంది. ముద్దు కావాలని ఎప్పుడంటే అప్పుడు అడిగే జవాబు ఒకటి పెట్టారు, యుద్ధం నుంచి రక్తం కారుతూ వచ్చినా అడగొచ్చు, పదిసార్లు వరసగా అడిగినా ముద్దు పెడుతూనే ఉంటారు. ఆస్టారియన్ చేత వద్దనిపించిన రచయితలు ఇక్కడ ఒక్కసారైనా ఇప్పుడు కాదులే అనిపించి ఉండాల్సింది.

పడక సీన్లు ఎట్లా ఉంటాయని అడిగేవాళ్లకు, నగ్నత్వం ఉంది, 18 దాటినవాళ్లకే ఈ గేమ్. సెట్టింగ్స్‌లో నగ్నత్వం కనపడకుండా ఆపేసే ఆప్షన్లు ఉన్నాయి, అవి పెట్టుకున్నా కథలో ఒక్క మాట కూడా పోదు. మా లాప్‌టాప్‌లో అవి ఎప్పుడూ పెట్టే ఉంటాయి, తమ్ముడి సేవ్‌లో వాడి రాత్రులు వాడివి, నా సేవ్‌లో నావి, ఒకరివి ఒకరం అడగం. సీన్లలో సగం మాటలే. సీన్ల కోసమే కొనేవాళ్లు డబ్బులు దండగ చేసుకోకండి, 150 జీబీ డౌన్‌లోడ్ చేసుకుని ముప్పై గంటలు ఆడాక ఒక నిమిషం సీన్ కోసం ఎదురుచూడటం కుదిరే పని కాదు. తెలుగు లేదు, ఇంగ్లిషు సబ్‌టైటిల్స్ పెట్టుకుని చదువుకుంటూ ఆడాలి, నాకు మొదటి వారం కష్టమైంది, తర్వాత అలవాటైంది. లాప్‌టాప్ బాగా వేడెక్కుతుంది, మూడో భాగంలో ఊళ్లోకి వెళ్లాక కొంచెం నత్తనడక నడిచింది, మేం కింద స్టాండ్ పెట్టి టేబుల్ ఫ్యాన్ దాని వైపు తిప్పుకున్నాం.

ఇంకోటి చెప్పి ఆపేస్తాను. ప్రేమ గురించి గేమ్ కావాలి, ఇంత పెద్దది ఆడే ఓపిక లేదు అనేవాళ్లు 2021లో వచ్చిన అన్‌ప్యాకింగ్ ఆడండి, మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది. ఒక అమ్మాయి ఇల్లు మారినప్పుడల్లా పెట్టెలు విప్పి సామాన్లు సర్దడమే ఆట, మాటలు లేవు, మనుషులు కనపడరు. 2010లో ఆమె బాయ్‌ఫ్రెండ్ ఇంటికి మారుతుంది. అతని సామాన్లు ఎక్కడివక్కడే ఉంటాయి, ఆమె డిగ్రీ పట్టా గోడకు తగిలించడానికి ఎక్కడా చోటుండదు, అన్ని గోడలూ చూసి చూసి ఆఖరికి మంచం కింద పెట్టాలి. ఆ పట్టాను పట్టుకుని నేను ఆ ఇల్లంతా పావుగంట తిరిగాను. తర్వాతి మజిలీ 2012, ఆమె మళ్లీ పుట్టింటి గదిలో ఉంటుంది.

తమ్ముడు పోయిన వారం పాత సేవ్ ఒకటి తెరిచి అరాజ్ దగ్గరికి మళ్లీ వెళ్లాడు. నేను లాడ్జిలో ఉన్నప్పుడు, నాకు చెప్పకుండా. అక్కడి నుంచి మళ్లీ ఆడుకుంటూ వచ్చి నిన్న రాత్రి కజడార్ మేడ గుమ్మం ముందు ఆగాడు. లోపల ఒక క్రతువు ఉంది, అది పూర్తి చేయడానికి ఆస్టారియన్‌కు సాయం చేస్తే అతనికి ఎండలో తిరిగే వరం వస్తుంది, మన జట్టుకు చాలా బలం వస్తుంది, దానికి బలి అయ్యేది 7000 ప్రాణాలు, ఆ తర్వాత అతను ఎట్లాంటి మనిషి అవుతాడో నేను ఇక్కడ రాయను. వాడు గుమ్మం దగ్గర సేవ్ చేసి, చాలాసేపు కర్సర్‌ను తలుపు మీద తిప్పుతూ కూర్చుని, "నువ్వేం చేసినావక్కా?" అని అడిగాడు. చెప్పలేదు. శనివారం వాడికి కాలేజీ లేదు, నాకు మధ్యాహ్నం దాకా సెలవు. అప్పుడు తెరుస్తానన్నాడు.